లైబ్రరీకి వాలు కట్టిన సుతారి

కామారెడ్డిలో బస్సెక్కి ఎల్లారెడ్డి వైపు పోతుంటే లింగంపేట దాటిన కాసేపటికి మత్తడిపల్లి స్టేజీ వస్తుంది. అక్కడ దిగి ఊళ్లోకి నడిస్తే దారికి రెండు పక్కలా కనిపించే ఇండ్లలో సగం సిద్దిరాములు చేతిమీదుగా లేచినవే. తాపీ పనివాణ్ణి మా దిక్కు సుతారి అంటారు. సిద్దిరాములు పదహారేళ్లకు సిమెంటు మాలు తట్ట మోయడంతో మొదలుపెట్టి, ఇరవై నాలుగేళ్లకు సొంతంగా ఇండ్లు ఒప్పుకునే సుతారి అయ్యాడు. అతని జోడీ మైసన్న. వాళ్లిద్దరూ చెరో కొసన దారం పట్టి కట్టిన గోడకు మళ్లీ తూకపు గుండు వేసి నిలువు చూడాల్సిన పని లేదని ఊళ్లో పేరు.

2007లో షార్జా పోయాడు. అక్కడ రెండేళ్లు సుతారి పనే చేశాడు. గదిలో పన్నెండు మంది ఉండేవాళ్లు, అందరూ కరీంనగర్, నిజామాబాద్ వైపు వాళ్లు. ఎవరైనా ఊరి నుంచి వస్తూ తెలుగు పేపరు తెస్తే అది నెల పాతదైనా సరే సిద్దిరాములు చేతికిచ్చి చదివించుకునేవాళ్లు. ఏడో తరగతి దాకా చదివాడు, గొంతు బాగుండేది. 2009 నవంబరులో ఒక మధ్యాహ్నం మూడో అంతస్తు ఎత్తున ఇనుప గొట్టాల మంచె మీద నిలబడి ప్లాస్టరింగు చేస్తుంటే గొట్టం బిగింపు ఊడింది. కళ్లు తెరిచేసరికి దవాఖానలో ఉన్నాడు. నడుము కింద ఏమీ తెలియలేదు. నర్సు అరికాలు మీద సూదితో గుచ్చుతుంటే అది ఎవరి కాలో అన్నట్టు చూశాడు.

డిసెంబరులో విమానం దిగాడు. అవి తెలంగాణ కోసం రోడ్లన్నీ కదిలిపోతున్న రోజులు. రామాయంపేట దగ్గర లారీల వెనక అంబులెన్సు మూడు గంటలు ఆగింది. జెండాలు పట్టుకున్న కుర్రాళ్లు లోపలికి తొంగి చూసి, "దారియ్యుర్రి, గల్ఫు పేషెంటున్నడు" అని వాళ్లే లారీలను పక్కకు జరిపించారు. తన ఊరి భాషలో ఎవరో తనని పేషెంటు అనడం వినడం అదే మొదటిసారని సిద్దిరాములు తర్వాత ఎన్నోసార్లు చెప్పుకున్నాడు.

ఆ తర్వాత ఏణ్ణర్ధం అతను ముందు గదిలోని మంచం దాటి ఎక్కడికీ పోలేదు. భార్య రాజమణి గడప దగ్గర కూర్చుని బీడీలు చేసేది. రెండు గంటలకోసారి లేచి అతన్ని పక్కకు తిప్పేది. తిప్పకపోతే పుండ్లు పడతాయని డాక్టరు చెప్పాడు. మొదట్లో చూడటానికి వచ్చిన వాళ్లు తర్వాత రావడం తగ్గించారు. వచ్చినా ఏం మాట్లాడాలో తెలియక ఇంటి కప్పు చూసి, "మంచిగ కట్టుకున్నవ్ తమ్మీ ఇల్లు" అనేవాళ్లు.

2011 వేసవిలో కామారెడ్డిలో వికలాంగుల క్యాంపు పెట్టినప్పుడు మైసన్న అతన్ని ఆటోలో పడుకోబెట్టి తీసుకెళ్లాడు. ఆ క్యాంపులో చేత్తో తిప్పే మూడు చక్రాల బండి ఇచ్చారు. రెండు వారాలు సిద్దిరాములు ఇంటి ముందు సందులోనే దాన్ని నడిపాడు. మూడో వారం ఊళ్లోకి బయల్దేరాడు. కానీ ఎక్కడ ఆగాలో తెలియలేదు. హోటల్ ముందు ఆగితే చాయ్ తాగాలి, తాగితే గొట్టం పెట్టి తొడకు కట్టిన మూత్రం సంచి నిండుతుంది. కల్లు కాంపౌండు దగ్గర ఆగితే అందరూ జాలిపడి పోస్తారు. ఏమీ కొనకుండా, ఎవరికీ ఏమీ చెప్పకుండా కూర్చోగలిగే చోటు ఊరు మొత్తానికి ఒక్కటే కనిపించింది. అది లైబ్రరీ.

1961లో కట్టిన డంగుసున్నం గోడల భవనం అది. ముందు పొడవైన వరండా, లోపల ఒక పెద్ద హాలు, వెనక ఒక గది. వరండా ఎక్కడానికి ఆరు మెట్లు. పొద్దున మూడు గంటలు, సాయంత్రం మూడు గంటలు తెరిచేవాళ్లు. లైబ్రేరియన్ లింబాద్రి సార్ మూడు ఊర్లకు ఇన్‌చార్జి; వారానికి రెండు రోజులు వచ్చేవాడు. మిగతా రోజుల్లో తాళం తీసేది, ఊడ్చేది, పేపర్లు బల్ల మీద పరిచేది భూమక్క. ఆమెకు యాభై దాటాయి. ఇరవై ఏళ్లుగా పార్ట్ టైం స్వీపరు. చదువు రాదు గానీ ఏ పుస్తకం ఏ బీరువాలో ఉందో అట్టల రంగును బట్టి చెప్పగలదు.

మెట్ల ముందు బండి ఆపిన సిద్దిరాములును చూసి ఆమె ఒక పేపరు తెచ్చి చేతికిచ్చింది.

"చదువుకో తమ్మీ. అయినంక పిలువు, ఇంకోటి తెస్త."

అలా రెండు నెలలు ఎండలో బండి మీదనే కూర్చుని చదివాడు. వాన వస్తే పేపరు తిరిగిచ్చి ఇంటికి పోయేవాడు. ఒకరోజు వాన మధ్యలో లోపల పరీక్షలకు చదువుకుంటున్న నలుగురు కుర్రాళ్లు బయటికి వచ్చి, "అన్నా, గింత దానికి పోవుడెందుకు, మేం లేపుతం" అన్నారు. వద్దనేలోపే చంకల కింద ఇద్దరు, కాళ్ల దగ్గర ఇద్దరు పట్టుకుని లేపారు. నాలుగో మెట్టు మీద లుంగీ జారింది. మూత్రం సంచి ఊడి కింద పడి పగిలింది. వానకు వరండాలో నిలబడ్డ ఆడవాళ్లు మొహాలు తిప్పుకున్నారు. కుర్రాళ్లు చెడ్డవాళ్లు కారు; వాళ్లూ కంగారుపడి తుడవడానికి గుడ్డ కోసం పరుగెత్తారు. కానీ సిద్దిరాములు ఆ తర్వాత ఇరవై రోజులు లైబ్రరీ వైపు రాలేదు.

ఇరవై రోజుల తర్వాత భూమక్కే అతని ఇంటికి వెళ్లింది.

"రాకుంటివి, ఏంది?"

"అక్కా, ఆ లైబ్రరీ అరుగు నేల మీదికెల్లి ఎంత ఎత్తున్నదో నీకు ఎరుకనా? మూడడుగులు," అన్నాడు సిద్దిరాములు. "నేను మంచంల పండుకొని లెక్క పెట్టిన. అడుగు ఎత్తుకు పన్నెండు అడుగుల వాలు ఉండాలె. అంటే ముప్పై ఆరడుగులు. ముంగట జాగ ఇరవై అడుగులే. మధ్యల ఒక్కసారి మలిపితే సరిపోతది."

ఆ లెక్క అతనికి షార్జాలో వచ్చింది. అక్కడ ఒక దవాఖానకు ర్యాంపు కడుతుంటే వాలు నిటారుగా ఉందని ఫోర్‌మన్ రెండుసార్లు పగలగొట్టించాడు. రెండుసార్లూ సిద్దిరాములు అతన్ని తెలుగులో తిట్టాడు. ఊళ్లో పదిహేనేళ్లు ఇండ్లు కట్టాడు, ఒక్క ఇంటికీ వాలు కట్టలేదు. ఇంటి యజమాని ఎత్తు అడిగితే ఎత్తు కట్టాడు, మెట్లు అడిగితే మెట్లు కట్టాడు.

లింబాద్రి సార్‌ను అడిగారు. ఆయన నిదానస్తుడు, రిటైర్మెంటుకు రెండేళ్ల దూరంలో ఉన్నాడు. చేతులు నలుపుకుంటూ అంతా విన్నాడు.

"నువ్వు చెప్పింది న్యాయమే సిద్దిరాములూ. కానీ దరఖాస్తు పెట్టాలె, ఎస్టిమేటు వేయాలె, పైకి పోవాలె. ఇప్పుడు చూస్తే సకల జనుల సమ్మె. ఆఫీసులన్నీ బంద్. ఊళ్లె సర్పంచ్ గుడ లేడు. స్పెషలాఫీసర్‌కు ఏడు ఊర్లు. ఎవరిని అడగాలె?"

సమ్మె అయిపోయింది. దరఖాస్తు పెట్టారు. జవాబు రాలేదు. మళ్లీ పెట్టారు. అది ఎక్కడుందో కనుక్కోవడానికి పోయిన లింబాద్రి సార్‌కు, వచ్చిన కాగితం ఏ విభాగానికి చెందుతుందో తేలలేదని చెప్పారు. 2012 ఫిబ్రవరిలో ఒకరోజు ఆయన రిజిస్టరు మూసి, బండి దగ్గరికి వచ్చి నిలబడ్డాడు.

"రేపటికెల్లి పది రోజులు నేను సెలవుల ఉంట. బిడ్డ కాన్పు ఉన్నది. ఈ పది రోజులల్ల ఇక్కడ ఏమైతదో నాకు తెల్వది."

సిద్దిరాములు ఆయన మొహం వైపు చూశాడు. సార్ బస్సు టైమైందంటూ వెళ్లిపోయాడు.

మర్నాడే పని మొదలైంది. రాయి కూలిపోయిన పాత కచేరి గోడది. మొరం చెరువు కింది నుంచి వచ్చింది. మైసన్న తాను కడుతున్న ఇంట్లో మిగిలిన సిమెంటు తెచ్చాడు. సిద్దిరాములు నేల మీద గోనెపట్టా పరిచి, దాని మీద కూర్చుని, చేతులతో ఒంటిని వెనక్కి జరుపుకుంటూ తాపీ పట్టాడు. రెండేళ్లకు పైగా తాపీ ముట్టలేదు; మొదటి రోజు పెట్టిన రాళ్లను తీసి మళ్లీ పెట్టాడు. మైసన్న తట్ట అందించాడు. మూడో రోజుకు రాయి ఒక్కసారికే కుదిరింది. రాజమణి బీడీల చాట అక్కడికే తెచ్చుకుని కూర్చుని, రెండు గంటలకోసారి అతన్ని పక్కకు ఒరిగించి మళ్లీ కూర్చోబెట్టేది. తొమ్మిది రోజులకు వాలు పూర్తయింది. పక్కన పట్టుకోవడానికి నడుమెత్తు గోడ కూడా కట్టారు. భూమక్క దాన్ని చూసి, "జారుబండ లెక్కనే ఉన్నది" అంది. ఆమె ఎప్పుడూ దాన్ని జారుబండ అనే పిలిచింది.

పదో రోజు సిద్దిరాములు రెండు చేతులతో చక్రం తిప్పుకుంటూ, మలుపు దగ్గర ఒకసారి ఆగి ఊపిరి తీసుకుని, హాల్లోకి వెళ్లాడు. ఎవరూ చప్పట్లు కొట్టలేదు. చదువుకుంటున్న కుర్రాళ్లు బల్ల కొంచెం జరిపి బండికి చోటిచ్చారు.

ఆ తర్వాత ఏణ్ణర్ధం పైచిలుకు ఆ లైబ్రరీలో జరిగింది ఎవరూ ముందుగా అనుకున్నది కాదు. మధ్యాహ్నం పూట లైబ్రరీ మూసి ఉండే వేళ, వరండా చల్లగా ఉంటుందని భూమక్క బీడీల చాట తెచ్చుకుని కూర్చునేది. రాజమణి వచ్చింది. వాళ్లను చూసి వాడకట్టు ఆడవాళ్లు ఇంకో ఎనిమిది మంది వచ్చారు. చేతులు ఆకు మడుస్తుంటే చెవులు ఖాళీగా ఉంటాయి కదా, సిద్దిరాములు పేపరు పైకి చదవడం మొదలుపెట్టాడు. ధరలు, ప్రమాదాలు, ఢిల్లీలో తెలంగాణ ముచ్చట్లు, గల్ఫ్ వార్తలు. వాళ్లలో నలుగురి భర్తలు గల్ఫ్‌లో ఉన్నారు. గల్ఫ్ వార్త వస్తే చాటల్లో చేతులు ఆగిపోయేవి.

వానాకాలంలో వరండాలో జల్లు కొడుతుంటే భూమక్క వెనక గది ఖాళీ చేసింది. చెద పట్టిన రిజిస్టర్ల కట్టలు, విరిగిన కుర్చీలు తప్ప అందులో ఏమీ లేవు. గోడకు సున్నం వేసుకున్నారు. ఇంటి నుంచి తలా ఒక చాప తెచ్చారు.

కమ్లి అప్పుడే వచ్చింది. ఆమెది ఊరి పక్క తండా. కట్టెల మోపు దించి, వాలు దగ్గర నిలబడి చాలాసేపు లోపలికి చూసింది.

"లోపటికి రావొచ్చునా?"

"రా. ఎవలొద్దన్నరు?" అంది భూమక్క.

"ముప్పై ఏండ్ల సంది గీ ముంగటికెల్లి పోతున్న. గిది బ్యాంకనుకున్న."

"బ్యాంకైతే నన్నెందుకు పెట్టుకుంటరే!" అని భూమక్క నవ్వింది.

కమ్లి నడుము దగ్గర గుడ్డలో చుట్టి ఉపాధి హామీ కార్డు తెచ్చింది. దాంట్లో తన పేరు ఉందో లేదో చెప్పమని సిద్దిరాములును అడిగింది. ఉంది కానీ కమల అని రాసి ఉంది.

"కమల ఎవలు?" అంది ఆమె భయంగా. "నా పైసలు ఆమెకు పోతున్నయా?"

"నువ్వే. తప్పు రాసిండ్రు."

"మరి నా పేరు ఎట్లుంటది?"

సిద్దిరాములు పేపరు అంచు మీద రెండక్షరాలు రాసి చూపించాడు. ఆమె దాన్ని చింపి తీసుకెళ్లింది. వారం తర్వాత వచ్చి విజిటర్ల రిజిస్టరు అడిగి, పెన్ను పిడికిలితో పట్టుకుని, రెండు వరుసలు ఆక్రమించేంత పెద్దగా ఆ రెండక్షరాలు వేసింది. లింబాద్రి సార్ ఆ పేజీని కళ్లద్దాలు తుడుచుకుని మరీ చూశాడు. తర్వాత ఆమె తన మామ రూప్లాను తీసుకువచ్చింది. ఆయనకు చూపు పోయి పదేళ్లు. మొదటి రెండు రోజులు చెయ్యి పట్టుకుని తెచ్చింది. మూడో రోజు నుంచి ఆయన వాలు పక్క గోడ మీద అరచెయ్యి ఆనించి తనంత తానే పైకి వచ్చి కూర్చునేవాడు. వార్తల్లో వానల ముచ్చట వస్తే ఇంకోసారి చదవమనేవాడు.

ఇది అందరికీ నచ్చలేదు. పరీక్షలకు చదివే కుర్రాళ్లలో భీమేష్ ఒకడు. మేస్త్రీ కొడుకు; ఇంట్లో ఒకటే గది, ఆ గదిలో టీవీ. వీఆర్వో పరీక్షలో రెండు మార్కుల తేడాతో పోయాడు. సాయంత్రం అయిదైనా వెనక గదిలో మాటలు, నవ్వులు ఆగేవి కావు. తునికాకు వాసన హాలంతా నిండేది. ఒకరోజు అతను పుస్తకం మూసి లేచాడు.

"సిద్దన్నా, నీ మీద నాకు కోపం లేదు. కానీ ఇది లైబ్రరీనా, బీడీ కార్ఖానానా? మేం ఎక్కడ చదవాలె?"

ఆ కుర్రాడు చెప్పిందాంట్లో అబద్ధం లేదు.

"నాలుగైతే మేం బందు పెడతం," అన్నాడు సిద్దిరాములు. "నాలుగు దాటినంక ఒక్క మాట వినబడితే నన్నడుగు."

మాట నిలుపుకున్నారు. నాలుగు కాగానే భూమక్క చాటలు ఎత్తించి, తడిగుడ్డతో నేల తుడిచేది. భీమేష్ కూడా ఊరుకున్నాడు. కానీ అప్పటికే అతనూ ఇంకో పదకొండు మందీ సంతకాలు పెట్టిన కాగితం ఒకటి పైకి పోయింది. ర్యాంపు కోసం పెట్టిన దరఖాస్తులకు జవాబు రాలేదు గానీ దీనికి వచ్చింది. తనిఖీకి వస్తామని రాశారు.

2013 అక్టోబరులో వారం రోజులు ఆగకుండా వానలు పడ్డాయి. వెనక గది మూల గోడ పగిలింది. నవంబరులో ఆ తనిఖీకి ఇంజనీరు వచ్చి చుట్టూ తిరిగి, పగులులో పెన్ను దూర్చి చూసి, భవనం శిథిలమైందని రాసుకున్నాడు.

"సార్," అన్నాడు సిద్దిరాములు బండి ముందుకు తోసి. "గోడ మంచిగనే ఉన్నది సార్. మురికి మోరీ నీళ్లు పునాదిల పడి ఆ ఒక్క మూల కుంగింది. మోరీ మలిపి, కింద రాయి కట్టి నిలబెడితే ఇంకో యాభై ఏండ్లు ఉంటది."

"నువ్వెవరు?"

"సుతారిని సార్."

ఇంజనీరు బండినీ, లుంగీ కింద సన్నబడ్డ కాళ్లనూ చూశాడు. దురుసుగా ఏమీ అనలేదు. "రేపు ఎవరి మీదైనా కూలితే నా ఉద్యోగం పోతది. నువ్వు రాసిస్తావా కూలదని?" అని అడిగి, జవాబు కోసం ఆగకుండా జీపెక్కాడు.

జనవరిలో ఆర్డరు వచ్చింది. లైబ్రరీని బస్‌స్టేజీ దగ్గరున్న పంచాయతీ కాంప్లెక్సు మీది అంతస్తుకు మార్చాలి. అక్కడ పోటీ పరీక్షల కోసం ప్రత్యేక హాలు, కొత్త కుర్చీలు, రెండు కంప్యూటర్లు ఇస్తారు. పాత భవనం తీసేస్తారు. లింబాద్రి సార్ ఆర్డరు చదివి వినిపించి, మడిచి జేబులో పెట్టుకున్నాడు. కమ్లి అడిగింది, "మేం గుడ రావొచ్చునా అక్కడికి?"

"ఎవరైనా రావొచ్చు," అన్నాడు సార్, సిద్దిరాములు వైపు చూడకుండా.

కాంప్లెక్సు కింద ఎరువుల దుకాణం, సెల్‌ఫోన్ల దుకాణం ఉన్నాయి. పైకి పంతొమ్మిది మెట్లు, సన్నవి, నిటారువి. 2005లో వాటిని కట్టింది సిద్దిరాములే. జాగా తక్కువని కాంట్రాక్టరు అంటే, మెట్టు ఎత్తు అంగుళం పెంచి పని సరిపెట్టాడు. ఆ సంగతి ఇంట్లో చెప్పాడు. రాజమణి చాటలో ఆకు కత్తిరిస్తూ, "అప్పుడు నీకేం ఎరుక," అంది.

దరఖాస్తు రాశాడు. అందరూ సంతకాలు పెట్టారు, వేలిముద్రలు వేశారు. కమ్లి తన పేరు రాసింది. మొదట ఎల్లారెడ్డి తీసుకెళ్లారు. అక్కడ తమ చేతిలో లేదని కామారెడ్డి పొమ్మన్నారు. సోమవారం ఆటో మాట్లాడుకుని కామారెడ్డి పోయారు. దరఖాస్తులు తీసుకునే హాలు మొదటి అంతస్తులో ఉంది. సిద్దిరాములు కింద ఆటోలోనే ఉండిపోయాడు. కాగితం పట్టుకుని రాజమణి పైకి వెళ్లింది. గంటన్నర తర్వాత దిగి వచ్చింది.

"ఏమన్నరు?"

"తీసుకున్నరు. ఈ చీటిచ్చిండ్రు."

"నువ్వేం చెప్పినవ్?"

ఆమె కొంగుతో మొహం తుడుచుకుంది. "మా ఆయన ఎక్కలేడు సార్ అన్న. ఎక్కడ అన్నడు. లైబ్రరీ అన్న. ఇంకా చెబుదామనుకున్న, ఎనుకున్నోళ్లు నూకిండ్రు."

ఒక పెద్దాఫీసరు సాయంత్రం ఇంటికి పోతూ ఆటో దగ్గర ఆగాడు. రాజమణి దండం పెట్టి అడ్డం నిలబడింది కాబట్టి ఆగాడు. అంతా విన్నాడు. "మీ బాధ నాకు అర్థమైంది," అన్నాడు. నిజంగానే అర్థమైనట్టు అతని మొహం దిగాలుగా ఉంది. "కానీ ఇప్పుడు ఎన్నికలు వస్తున్నాయి, కోడ్ పడుతుంది. ఆ తర్వాత రాష్ట్రం రెండవుతుంది. ఏ ఫైలు ఎటు పోతుందో మాకే తెలియదు. కొంచెం ఓపిక పట్టండి."

ఫిబ్రవరి చివర్లో పుస్తకాలు మోశారు. ట్రాక్టరులో కాంప్లెక్సు దాకా, అక్కడి నుంచి నెత్తి మీద. భూమక్క, రాజమణి, కమ్లి, బీడీల ఆడవాళ్లందరూ మోశారు. మోయడానికి వాళ్లనే పిలిచారు. సిద్దిరాములు కింద ఎరువుల దుకాణం నీడలో బండి ఆపుకుని, ఎన్ని కట్టలు పైకి పోయాయో చెబుతూ ఉండిపోయాడు. మధ్యాహ్నానికి ఎవరూ అడగకపోయినా చెప్పడం మానలేదు.

పైన బీడీలు చేయరాదని బోర్డు పెట్టారు. పెట్టకపోయినా ఆడవాళ్లు పోయేవాళ్లు కారు; కాంప్లెక్సు ముందు మగవాళ్ల గుంపులు దాటుకుని, ఆ మెట్లెక్కి చాప పరుచుకుని కూర్చోవడం వాళ్లకు ఎబ్బెట్టుగా ఉంది. ఎవరి గడప దగ్గర వాళ్లు కూర్చున్నారు. రూప్లా రెండుసార్లు పాత లైబ్రరీ దాకా కర్ర పొడుచుకుంటూ వచ్చి, తాళం తడిమి చూసి పోయాడు. మూడోసారి రాలేదు. మార్చి నెలాఖరుకు లింబాద్రి సార్ రిటైరయ్యాడు. వెళ్లే ముందు సిద్దిరాములు ఇంటికి వచ్చి, అరగంట కూర్చుని లేచాడు. గడప దాటాక తిరిగి చూసి, "నేను ఆ పది రోజులు సెలవు పెట్టకుంటే బాగుండెనా?" అన్నాడు. సిద్దిరాములు చెయ్యి అడ్డంగా ఊపాడు.

జూన్‌లో కొత్త రాష్ట్రం వచ్చింది. ఊళ్లో బతుకమ్మ ఆడారు, పటాకులు కాల్చారు. సిద్దిరాములు కూడా బండికి గులాబీ పూలదండ కట్టించుకుని తిరిగాడు. నాలుగు రోజుల తర్వాత జేసీబీ వచ్చి పాత భవనం తీసేసింది. గోడలు గంటలో పోయాయి. వాలు పోలేదు. బకెట్ పళ్లు రెండుసార్లు జారాయి. డ్రైవరు కిందికి దిగి చెమట తుడుచుకుని, "ఎవడు కట్టిండురా దీన్ని, ఇంత గట్టిగ?" అన్నాడు. పక్కనున్న మైసన్న అక్కడి నుంచి వచ్చేశాడు. మధ్యాహ్నం దాకా పట్టింది. సిద్దిరాములు చూడటానికి పోలేదు, కానీ చప్పుడు ఇంటి దాకా వినిపించింది.

ఆగస్టులో ఒక మిట్టమధ్యాహ్నం, దుకాణాల ముందు ఎవరూ లేని వేళ, అతను కాంప్లెక్సు దగ్గరికి పోయాడు. బండి దిగి, మెట్ల వైపు వీపు పెట్టి, అరచేతులు వెనక మెట్టు మీద ఆనించి ఒంటిని పైకి లాగాడు. తర్వాత చేతులతో కాళ్లను ఒక్కొక్కటే పైకి తెచ్చుకున్నాడు. ఏడు మెట్లు ఎక్కాడు. ఎనిమిదో మెట్టుకు భుజాలు లేవలేదు. పైకి చూస్తే ఇంకా పన్నెండు ఉన్నాయి. అక్కడే ఎంతసేపు కూర్చున్నాడో తెలియదు. భీమేష్ పుస్తకం పట్టుకుని దిగుతూ అతన్ని చూసి ఆగిపోయాడు. మెట్లు సన్నగా ఉండటంతో పక్క నుంచి దాటే వీలు లేదు.

"అన్నా, లేపుదునా?"

"వద్దు."

భీమేష్ వెనక మెట్టు మీదే కూర్చుండిపోయాడు. "అప్పుడు ఆ కాగితం మీద మొదటి సంతకం నాదే అన్నా," అన్నాడు. "చప్పుడు తగ్గించమని రాసినం. గంతే. ఇట్లయితదని నాకు తెల్వది."

"నాకు ఎరుక."

"ఇప్పుడు మల్ల రాద్దామా?"

"ఎవలకు?"

భీమేష్ పుస్తకం చంకలో పెట్టుకుని లేచాడు. దిగడం ఎక్కడం కంటే కష్టమైంది. సిద్దిరాములు ఒక్కో మెట్టు జారుతుంటే భీమేష్ గోడకు ఒరిగి ఎట్లాగో అతన్ని దాటి కిందికి దిగి, అతని కాళ్లను రెండు చేతులతో పట్టి కింది మెట్టు మీద పెడుతూ వచ్చాడు. మెట్టు అంచులు రాసుకున్నది అతనికి తెలియలేదు. ఇంటికి వచ్చాక రాజమణి చూసింది. నడుము కింద చర్మం అరచెయ్యంత మేర లేచిపోయింది. అది పుండై మానడానికి రెండున్నర నెలలు పట్టింది. ఆ రెండున్నర నెలలూ అతను బోర్లా పడుకునే ఉన్నాడు.

దసరా దాటాక భూమక్క వచ్చింది. చంకలో రెండు రోజుల కిందటి పేపరు ఉంది. మంచం పక్కన నేల మీద కూర్చుని, మోకాళ్లు చాపి, అరచేతులతో వత్తుకుంది.

"పైన మంచిగున్నదా?" అని అడిగాడు సిద్దిరాములు.

"ఫ్యాన్లు మంచిగ తిరుగుతున్నయ్. కుర్చీలు కొత్తయి. పొద్దుగాల అయిదారుగురు పోరగాండ్లు వస్తరు. పగటీలి ఎవ్వరుండరు."

"కంప్యూటర్లు?"

"గుడ్డ కప్పి ఉన్నయ్. నేర్పెటోడు ఇంకా రాలే." ఆమె ఇంకో మోకాలు వత్తుకోవడం మొదలుపెట్టింది. "నాతోటి గుడ అయితలేదు తమ్మీ. నీళ్ల బిందె పట్టుకొని ఆ మెట్లెక్కేసరికి మోకాళ్లు వాస్తున్నయ్. ఇంకో మనిషిని చూసుకొమ్మని కొత్త సారుకు చెప్పిన. ఒకటో తారీకుకెల్లి నేను పోను."

సిద్దిరాములు తలగడ మీద మొహం ఇటు తిప్పాడు. ఇరవై మూడేళ్ల నుంచి రోజూ తాళం తీసిన మనిషి. భూమక్క పేపరు అతని చేతికిచ్చి, రాజమణి చాటను దగ్గరికి లాక్కుని, ఒక ఆకు తీసి కత్తిరించసాగింది.

"చదువు," అంది. "పైకి చదువు, వింట."

సిద్దిరాములు పేపరు మడత విప్పి, బోర్లా పడుకునే, మొదటి పేజీ చదవడం మొదలుపెట్టాడు. బోర్లా పడుకుని చదివితే గొంతు సరిగా రాదు. రెండు వార్తలు చదివేసరికి ఆయాసం వచ్చి ఆగాడు.